చిట్టి బొమ్మకు మట్టి రంగు

ఇవాళ బొమ్మలకి రంగులు వెయ్యటం గురించి మీతో నాలుగు మాటలు చెప్పుకోవాలని వచ్చాను. "మాకు గీత గియ్యటమే రాదు, ఇక రంగులెక్కడ?" అని రేడియో కట్టెయ్యకండి. గీత నాకూ రాదు. ముగ్గు పెట్టే ఓపిక, వడియాలు పెట్టే నేర్పు వున్న చెయ్యి ఎవరిదైనా సరే, నేను చెప్పబోయే పని చెయ్యగలదు. అయితే ముందుగా నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది మీకు అందదు.

మా అమ్మది కృష్ణా జిల్లా. కాపరానికి వస్తూ ఆవిడ ఒక రేకుపెట్టె నిండా కొండపల్లి బొమ్మలు తెచ్చుకుంది. దశావతారాలు, అంబారీ ఏనుగు, తాడెక్కుతున్న గీతకారుడు, ఎడ్లబండి. ఏటా సంక్రాంతికి వాటిని పాత చీర ముక్కల్లోంచి ఒక్కొక్కటే విప్పి, శ్రీనగర్ కాలనీలోని మా ఇంటి ముందుగదిలో మెట్లమీద పేర్చేది. ఒక సంవత్సరం అవి వెలిసిపోయినట్లు కనిపించాయి నాకు. అప్పుడే గేటుకీ కిటికీలకీ రంగులు వేయించాం. అడుగు బొడుగు ఎనామెల్ డబ్బాల్లో మిగిలింది. అమ్మ ఊరెళ్ళిన నాలుగు రోజుల్లో దశావతారాలన్నిటికీ నిగనిగలాడేటట్లు రంగు పూసేశాను. వచ్చి చూసి మురిసిపోతుందనుకున్నాను.

అమ్మ వచ్చింది, చూసింది, ఒక్క మాట అనలేదు. ఆ ఏడు కొలువులో వాటిని అన్నిటికంటే వెనక వరసలో పెట్టింది. అంతే. ఆవిడ పోయి చాలా కాలమైంది. ఆ వెనక వరస మాత్రం నా కళ్ళముందునుంచి పోలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో నాకు చాలా ఏళ్ళ దాకా తెలియలేదు. మా కాలనీలో సత్యసాయి నిగమాగమం వుంది కదా, అక్కడ అప్పుడప్పుడూ చేనేత, చేతిపనుల ప్రదర్శనలు పెడుతుంటారు. ఒకసారి కొండపల్లి పనివాడొకాయన అంగడి పెట్టుకుని కూర్చున్నాడు. ఇంటికి పరుగెత్తి నరసింహస్వామిని సంచీలో వేసుకొచ్చి చూపించాను. ఆయన అటూ ఇటూ తిప్పి, "రంగు బాగానే వుందమ్మా, బొమ్మే కనపడటం లేదు" అన్నాడు.

ఆ ఒక్క మాటలో మొత్తం విద్య వుంది, ఆలోచించి చూడండి. కొండపల్లి బొమ్మని తెల్ల పొణికి కర్రతో చేస్తారు. చాలా తేలిక కర్ర, మెత్తగా ఉలికి లొంగుతుంది. దాన్ని తడి పోయేదాకా ఆరబెట్టి, కాళ్ళూ చేతులూ తలా విడివిడిగా చెక్కి, చింతగింజల అంబలిలో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. దానిమీద సుద్ద పూత, ఆ పైన రంగు. పూత ఎంత పల్చగా వుంటే ఉలి గీత అంత కనిపిస్తుంది. నేను చేసిందేమిటి? ఉలి గీతలన్నీ ఎనామెల్‌తో పూడ్చేశాను. స్వామి జూలు, కోరలు, కనుబొమల ముడి అన్నీ రంగు కింద మునిగిపోయాయి.

ఇక్కడే ఇంకో హెచ్చరిక. మీ ఇంట్లో పాత కొండపల్లి బొమ్మలుంటే వాటిని నీళ్ళతో కడగకండి, తడిగుడ్డతో తుడవకండి. నీటి రంగులతో వేసిన బొమ్మయితే రంగూ, సుద్దా రెండూ కరిగి వస్తాయి. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపి వూరుకోండి. వెలిసిన రంగు కూడా ఒక అందమే అని తెలుసుకోవటానికి నాకు సగం జీవితం పట్టింది.

మరి ఇప్పుడు రంగుల మాట ఎందుకొచ్చిందంటారా? మా మనవడి వల్ల. పోయిన ఏడాది మా అమ్మాయి వాళ్ళు వేరే రాష్ట్రం నుంచి బదిలీ అయి వచ్చి మా దగ్గరే వుంటున్నారు. పిల్లవాడికి పద్నాలుగేళ్ళు. కొత్త బడి, కొత్త వూరు, తెలుగు అంతంతమాత్రం. తలుపు వేసుకుని గదిలో కూర్చునేవాడు. ఒకనాడు వాడి బల్లమీద చూద్దును కదా, బొటనవేలంతేసి బొమ్మలు పదో పన్నెండో! కత్తులు పట్టిన వీరులు, కొమ్ముల రాక్షసులు, రెక్కల పాము ఒకటి. అన్నీ బూడిద రంగు ప్లాస్టిక్కు. "ఇవేమిట్రా నాన్నా, ఇంత దిగులుగా వున్నాయి?" అన్నాను. "రంగు మనమే వెయ్యాలి అమ్మమ్మా. నాకు చెడిపోతాయేమోనని భయం" అన్నాడు. ఆ భయం నాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

ఆ బొమ్మల సంగతి కొంచెం చెబుతాను. బల్లమీద చిన్న బొమ్మలు పెట్టి యుద్ధం ఆడుకోవటం పాశ్చాత్య దేశాల్లో పాత సరదాయే. ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' అని దానికి ఒక పుస్తకమే రాశాడు. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట తెచ్చారు. నలుగురైదుగురు బల్లచుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలొక పాత్ర. రాక్షసుడు ఎదురైతే పాచికలు వేసి గెలుపోటములు తేలుస్తారు. ఎవరి పాత్ర ఎక్కడ నిలబడిందో చూపటానికి యీ బొమ్మలు. వీటిలో చాలావాటి ఎత్తు 28 మిల్లీమీటర్లు, అంటే అంగుళం మీద పిసరు.

వినగానే విదేశీ వ్యవహారంగా తోస్తుంది. కాని మన తెలంగాణలో మందెచ్చులవాళ్ళున్నారు, విన్నారా? గొల్లల పల్లెలకు వెళ్ళి, బొమ్మలు పెట్టెలోంచి తీసి వరసగా నిలబెట్టి, కాటమరాజు కథ చెబుతారు. ఏ వీరుడి ఘట్టం వస్తే ఆ వీరుడి బొమ్మ ముందుకొస్తుంది. ఆ బొమ్మలు చేసేవారు చేర్యాల నకాషీలు. బొమ్మ చూపిస్తూ వీరగాథ నడిపించటం మనకి కొత్తేమీ కాదన్నమాట. యీ సంగతి చెప్పేసరికి మా వాడు కుర్చీ దగ్గరకు జరుపుకున్నాడు.

సరే, రంగులు కొనాలి. వాడు ఫోనులో ఒక జాబితా చూపించాడు, నలభై సీసాలు! నేను ఒప్పుకోలేదు. అయిదే కొందామన్నాను. నకాషీల పటం ఎప్పుడైనా చూశారా? వెనకంతా ఇటికరాయి ఎరుపు. దాని మీద పసుపు, తెలుపు, నలుపు, కాస్త నీలం. అంత పెద్ద కథ ఆ కాసిని రంగుల్లోనే నడుస్తుంది. రంగులు తక్కువైనకొద్దీ అవి ఒకదానికొకటి చుట్టాలవుతాయి. పటమంతా ఒక ఇంటివాళ్ళలా కనిపిస్తుంది.

దుకాణంలో ఆక్రిలిక్ ట్యూబులు అడగండి. నీళ్ళతో కలుస్తాయి, ఆరాక నీళ్ళకి కదలవు. వాటి పేర్లు యెల్లో ఓకర్, బర్న్‌ట్ సియెన్నా, బర్న్‌ట్ అంబర్, నలుపు, తెలుపు. పేర్లు చూసి కంగారుపడకండి. మొదటిది పసుపుపచ్చని మట్టి. రెండోది మన జేగురుకి దగ్గర చుట్టం. మూడోది ముదురు గోధుమరంగు. అసలు ఇవన్నీ ఇనుపతుప్పు కలిసిన మట్టులే. మూడోదానిలో మాంగనీసు కూడా వుంటుంది. 'బర్న్‌ట్' అంటే కాల్చినది. పచ్చి కుండ ఆవంలో కాలి ఎర్రబడటం లేదూ? అలాగే పసుపు మట్టిని కాలిస్తే ఎర్రమట్టి అవుతుంది. ఇటువంటి మట్టి రంగులు ఎండకీ గాలికీ తొందరగా వెలవవు. అజంతా గుహల్లో అన్ని వందల ఏళ్ళుగా నిలిచినవి ఇవే.

ఈ అయిదింటితో ఏమేం వస్తాయో చూడండి. పసుపు మట్టిలో చిటికెడు నలుపు కలిపితే అడవి ఆకుపచ్చ వస్తుంది, మొదటిసారి చూసినప్పుడు నేను నమ్మలేదు. జేగురులో పసుపు మట్టి కలిపితే మన ఒంటి చాయ. తెలుపులో పసుపు మట్టి చుక్క వేస్తే ఎముక రంగు, పాత బట్ట రంగు. నలుపూ తెలుపూ కలిపిన బూడిదరంగుని జేగురు పక్కన పెట్టండి, కంటికి నీలంగా తోస్తుంది. నీలం కొననక్కరలేకుండానే నీలం!

ఇక పని. ముందు బొమ్మని కుంకుడు రసంతోనో, గిన్నెలు తోమే సబ్బునీళ్ళతోనో పాత పళ్ళబ్రష్షుతో కడిగి ఆరబెట్టండి. నేను చెప్పేది ప్లాస్టిక్ బొమ్మల మాట సుమా, కర్ర బొమ్మల మాట కాదు. అచ్చు నుంచి వచ్చిన జిడ్డు వదలకపోతే రంగు పట్టదు. తర్వాత దాన్ని దారపు రీలు మీదనో, సీసా మూతమీదనో జిగురుతో నిలబెట్టండి. చెయ్యి బొమ్మకి తగలకుండా పట్టుకోవటానికి పిడి దొరుకుతుంది.

మొదటిది అడుగు పూత. కొండపల్లివారికి సుద్ద ఎలాగో మనకి ఇది అలాగ. దుకాణంలో ప్రైమరని అడిగితే ఇస్తారు. పల్చగా ఒక్క పొర చాలు. అది పూర్తిగా ఆరాక బట్టకొక రంగు, ఒంటికొక రంగు, కర్రకీ తోలుకీ ఒక రంగు వెయ్యండి. రంగు ఎంత పల్చగా వుండాలి? పల్చని మజ్జిగలా. ఒక పొరకి నిండదు. ఆరనిచ్చి రెండో పొర వెయ్యండి. ఒకేసారి దట్టంగా పూస్తే ఏమవుతుందో మా నరసింహస్వామిని అడగండి.

ఇక్కడికి వచ్చేసరికి బొమ్మ చప్పగా, పిల్లల రంగుల పుస్తకంలా కనిపిస్తుంది. మా వాడు "చెడిపోయింది అమ్మమ్మా" అని కుంచె కింద పెట్టేశాడు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఆగకండి. ముఖ్యమైన రెండు పనులు ఇప్పుడే మొదలవుతాయి.

మొదటిది నీడ కలపటం. మన ముక్కు పక్కన, చీర కుచ్చిళ్ళ మధ్య నీడ దానంతట అదే పడుతుంది. అంగుళం బొమ్మలో మడతలు అంత లోతుండవు గనుక నీడ కంటికి ఆనదు. దాన్ని మనమే పెట్టాలి. ముదురు గోధుమరంగులో కాస్త నలుపు కలిపి, టీ నీళ్ళంత పల్చగా చేసి, గిన్నెల సబ్బు ఒక్క చుక్క వెయ్యండి. సబ్బు ఎందుకంటే, నీరు ముత్యాల్లా పైనే నిలవకుండా సందుల్లోకి జారటానికి. బొమ్మంతా దానితో తడపండి. మిట్టల మీదనుంచి జారి అది తనంత తానే పల్లాల్లో చేరుతుంది. వేళ్ళ మధ్య, గడ్డం పాయల్లో, కవచం అంచుల్లో, మనం గియ్యలేని గీతలన్నీ ఆ నీరే గీస్తుంది. ఎక్కడైనా మడుగు కడితే తడి కుంచెతో అద్ది తియ్యండి. పూర్తిగా ఆరాలి. తొందరపడి ముట్టుకుంటే మరకలవుతాయి.

రెండోది వెలుగు పెట్టటం. పాతబడి మొన పోయిన కుంచె తీసుకోండి. తెలుపు కలిపిన పసుపు మట్టిలో ముంచి, వార్తాపత్రిక మీద తుడవండి. ఇంకా తుడవండి. కాగితం మీద ఇక రంగు పడటం లేదు అనిపించేదాకా తుడవండి. ఆ పొడి కుంచెతో, ముఖానికి పౌడరద్దినట్లు, బొమ్మమీద అటూ ఇటూ తేలిగ్గా ఆడించండి. రంగు పల్లాల్లోకి పోదు, మిట్టల్నే అంటుకుంటుంది. జూలు, పొలుసులు, గుడ్డ మడతలు ఒక్కొక్కటే పైకి లేచి వస్తాయి. మా వాడి రెక్కల పాము వీపుమీద పొలుసులు అలా లేచి వచ్చినప్పుడు, ఆరునెలల్లో మొదటిసారి వాడు గట్టిగా నవ్వగా విన్నాను.

చివరికి కళ్ళు. గుడిలో విగ్రహానికి కూడా నేత్రోన్మీలనం ఆఖరునే కదా చేస్తారు. అంత చిన్న ముఖానికి తెల్లగుడ్డు, నల్లగుడ్డు పెట్టబోతే గుడ్లు మిటకరించినట్లవుతుంది. కనుబొమ కింద ముదురు గోధుమరంగుతో సన్నని గీత ఒకటి చాలు. మిగతాది చూసేవాళ్ళ కన్ను పూరించుకుంటుంది. అన్నీ మట్టి రంగులైతే దిగులుగా వుండదా అంటారేమో. బొమ్మ మొత్తంమీద ఒక్కచోట, తలపాగాకో, నడికట్టుకో, నుదుటి బొట్టుకో కుంకుమ రంగు పెట్టండి. చుట్టూ మట్టి వుండబట్టే ఆ ఎరుపు వెలుగుతుంది. అన్నిచోట్లా ఎరుపు పెడితే ఎక్కడా ఎరుపు కనపడదు.

పాదాల కింద పీట మిగిలింది. దానిమీద తెల్ల జిగురు రాసి సన్నని ఇసక చల్లండి. వాడేసి ఎండబెట్టిన టీపొడి అయితే అడవి నేలకి సరిగ్గా సరిపోతుంది. కొబ్బరి పీచు కత్తిరించి అంటిస్తే ఎండుగడ్డి. పైన రక్షణగా వార్నిష్ వేస్తే మెరుపు లేనిది, మ్యాట్ అంటారు, అది వెయ్యండి. మెరుపు వార్నిష్ వేస్తే మనం పడ్డ శ్రమ, ఆ నీడా వెలుగూ, దీపం కింద కనపడకుండా పోతాయి.

పిల్లలతో చేసే పని గనుక జాగ్రత్త చెప్పకపోతే నా మనసొప్పదు. కుంచె మొన సన్నబడటానికి నాలికతో తడిపే అలవాటు మానిపించండి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడిగించండి. పాత ఎనామెల్ రంగుల్లో సీసం ఎక్కువగా వుండేది. అది కడుపులోకి పోతే పిల్లల మెదడు ఎదుగుదలకి హాని. మన ప్రభుత్వం 2016లో నిబంధన తెచ్చి, ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళకు మించకూడదంది. అది 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగు ఇంట్లో వున్న వస్తువుల మీద ఇంకా వుండవచ్చు. దాన్ని గీకి, గరుకు కాగితంతో రుద్ది దుమ్ము లేపకండి.

పాలుతాగే పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలైతే ఏటికొప్పాకవి మేలైన దారి చూపించాయి. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రతో చేసే ఆ లక్క బొమ్మలకి గింజలు, బెరళ్ళు, వేళ్ళు, ఆకుల నుంచి తీసిన రంగులు తిరిగి వాడుకలోకి తేవటానికి సి.వి. రాజుగారు ఎన్నో ఏళ్ళు పాటుపడ్డారు. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆయనకి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మంచి రంగు అంటే మెరిసేది కాదు, బిడ్డ చేతికి ధైర్యంగా ఇవ్వగలిగేది అని ఆ వూరు మనకి చెబుతోంది.

ఈ సీసం సంగతి తెలిశాకే నాకొక ఆశ పోయింది. మా నరసింహస్వామి మీద నేను పూసిన ఎనామెల్ ఎలాగో గీకి తీసేసి, మళ్ళీ రంగులు వేద్దామని లోలోపల అనుకుంటూ వుండేదాన్ని. మనవడు కూడా "నేను చేస్తా అమ్మమ్మా" అని గరుకు కాగితం తెచ్చాడు. వాడి చేతికి ఆ దుమ్ము తగలనివ్వటం నాకిష్టం లేకపోయింది. కాగితం వెనక్కి తీసుకుని, జరిగినదంతా వాడికి చెప్పాను. గేటు రంగు, అమ్మ వూరెళ్ళటం, ఆవిడ ఏమీ అనకపోవటం, వెనక వరస, అన్నీ. వాడు బొమ్మని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "చెడిపోయినా మునిమ్మమ్మ పారెయ్యలేదు కదా" అన్నాడు.

నిజమే. ఆ మాట నాకింతకాలం తోచలేదు. వెనక వరసలో పెట్టింది గాని, కొలువులోంచి తీసెయ్యలేదు. ఏటేటా అవే పాత చీర ముక్కల్లో చుట్టి దాచింది. నేను శిక్ష అనుకున్నది, ఆవిడ నా తప్పుకి కూడా ఇచ్చిన చోటేమో!

పోయిన సంక్రాంతికి కొలువు పెట్టినప్పుడు నరసింహస్వామిని ముందు వరసలోకి తెచ్చాను, ఆ నిగనిగలతోటే. కింది మెట్టుమీద మా వాడి వీరులూ, రాక్షసులూ, రెక్కల పామూ, టీపొడి అడవిలో నిలబడ్డారు. పేరంటానికి వచ్చిన ముత్తయిదువలు వంగి మరీ చూశారు. ఆ తర్వాత ఇరుగుపొరుగు పిల్లలు ముగ్గురు, తలొక బూడిదరంగు బొమ్మ పట్టుకుని, ఆదివారాలు మా బల్ల దగ్గర చేరుతున్నారు. వాళ్ళకి నేర్పేది ఇప్పుడు నేను కాదు, మా మనవడు. అదీ తెలుగులో.

మీ ఇంట్లోనూ ఎక్కడో ఒక రంగులేని బొమ్మ, తలుపు వేసుకున్న పిల్లవాడు వుండే వుంటారు. అయిదు మట్టి రంగులు, రెండు కుంచెలు, ఒక పాత వార్తాపత్రిక తెచ్చి పక్కన కూర్చోండి. మొదటి బొమ్మ చెడిపోతుంది. పారెయ్యకండి, వరసలో ఎక్కడో ఒకచోట పెట్టండి. రెండోది మొదలుపెట్టండి.